పల్నాటి వీరులు, పూటకాపు లేని పొత్తు

బొల్లాపల్లికి కారెంపూడి దూరము కాదు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఈ రెండును చేరియున్నవి. నాగులేటి యొడ్డున నున్న ఆ కారెంపూడియందు ఏటేట కార్తికమాసాంతమున వీరుల తిరునాళ్లు జరుగును. వీరుల ఆయుధములకు పూజ సల్పుదురు. ఆ దినములు అయిదు: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈ వరుస కథాక్రమము కాదు. కథలో కోడిపోరు ముందు, రాయబారము పిదప. అయినను నడుమ నున్న మూడు దినముల పేళ్లును గమనింపదగినవి. అవి మహాయుద్ధమునకు పేళ్లు కావు. ఒకనాటి ఆత్మీయులు పగవారైన ఘట్టములకు పేళ్లు.

వీరుడైనవాడు తన పక్షమువారే ఒకనాడు ఎదురుతిరుగుదు రని ముందుగా నెంచి ఏర్పాటు చేసికొనవలెనా, వలదా యను ప్రశ్నకు తెలుగునాట ఈ కథకంటె తగిన ఒరగల్లు వేఱొకటి కానరాదు. శ్రీనాథకృతముగా ప్రసిద్ధమైన ద్విపదను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిరి. యుద్ధము 1182 ప్రాంతమున జరిగిన దని పలువురి మతము. ద్విపద దానికి రెండు శతాబ్దములకు పైగా తరువాతిది. కావున అందలి ప్రతి మాటయు సాక్ష్యము కాజాలదు గాని, కథాస్వరూపము మాత్రము స్థిరమైనది.

బ్రహ్మనాయుడు పరదేశమునుండి దండెత్తి వచ్చిన శత్రువుతో పోరినవాడు కాడు. అనుగురాజు కుమారుడైన నలగామరాజునకు ఆయనయే మంత్రి. నాయకురాలు నాగమ్మ ఏడు గడియల మంత్రిత్వము వరముగా బడసిన దని ప్రతీతి. ఆమె ప్రాబల్యము హెచ్చగా రాజ్యము గురజాల, మాచెర్ల యని రెండయ్యెను. బ్రహ్మనాయుడు మలిదేవుని పక్షమున మాచెర్లకు చేరెను. కోడిపందెమున ఓడి, మాచెర్లవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోయిరి.

ఇచ్చట నొక లోపము కలదు. పందెమునకు గడువు గలదు; గడువు తీఱిన పిమ్మట రాజ్యభాగమును మరల నిప్పించుటకు పూటకాపు లేడు. పొలము కౌలు కిచ్చు సామాన్యుడు కూడ నడుమ నొక పెద్దమనుష్యుని నిలుపుకొనును. రాజ్యమునే పందెమొడ్డిన వీరులు ఆ పాటి జాగ్రత్త పడలేదు! భారతమున ద్యూతసభలో భీష్మద్రోణులు కూర్చుండియు ఫలము లేకపోయె నందురేని, సాక్షి వేఱు, పూటకాపు వేఱు. సాక్షి చూచిన దానిని చెప్పును. పూటకాపు మాట తప్పినప్పుడు భారము వహించును.

పూటకాపునకు బదులుగా మాచెర్లవారు బాంధవ్యమును నమ్ముకొనిరి. రాయబారమునకు కొమ్మరాజు కుమారుడు అలరాజును పంపిరి. అతడు నలగామరాజునకు స్వయముగా అల్లుడు. అల్లునికి మామయింట హాని యుండ దని వారి తలంపు. ఆ అలరాజు చర్లగుడిపాటియొద్ద విషప్రయోగమున మరణించెను.

అట్లని అనుమానమే రక్ష యనుటకు వీలు లేదు. కథలో అందఱికంటె ముందుచూపు గలది నాగమ్మయే. ఎవరు ఎప్పుడు తిరుగబడుదురో లెక్కించి, రహస్యముగా వలపన్నినది ఆమెయే యని వీరగాథ చెప్పును. (వీరగాథ మాచెర్లవారి పక్షపాతి యనుట మఱవరాదు.) అయినను ఆ జాగ్రత్తవలన సంధి కుదిర్చెడి మనుష్యుడు మడిసెను, గురజాలకు క్షేమము కలుగలేదు. కట్టుబాటు ఇరువురికిని తెలిసి యుండిన కాపాడును. చాటున చేసిన ఏర్పాటు, బయటపడిన నాడు, తానే పగకు కారణమగును.

బ్రహ్మనాయుడు ఏ ఏర్పాటును చేయలేదనుటయు న్యాయము కాదు. చాపకూడు ఆయన ఏర్పాటే. కులభేదము లేక ఒక్క చాపపై పరచిన అన్నము కలసి భుజించినవారు ఆయన సేన. మాల కన్నమదాసు ఆ సేనకు నాయకుడై, తుదివఱకు ప్రక్కనే నిలిచెను. కన్నకుమారుడైన బాలచంద్రుడు మాత్రము సంధిమాట వినక కయ్యమునకే కాలుద్రవ్వెను. అల్లునిపై నుంచిన భరోసా, కుమారునిపై నుంచిన ఆశ రెండును తప్పినవి. చాపపై కూర్చున్నవారు తప్పలేదు.

యుద్ధమున ఉభయపక్షముల వీరులును నశించిరి. పల్నాటికి చుట్టమైన వెలనాటి బలము సన్నగిల్లగా, ఓరుగంటి కాకతీయులకు తీరాంధ్రపు దారి సుగమమయ్యెను. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలము చొచ్చె నని జనశ్రుతి. కారెంపూడిలో మందపోరునాడు చాపకూడు నేటికిని వడ్డింతురు.