పల్లె, పళ్ళి, డయాసిస్

డయాసిస్ శతాబ్ది ఉత్సవములు జరుపుకొనుచున్న ఈ సమయమున "డయాసిస్" అను మాట పుట్టుకను గూర్చి ప్రియ సంఘ సభ్యులతో కొంత ముచ్చటింప గోరుచున్నాము. దాని బంధువర్గమును వెదకుచు పోయిన యెడల మనము ఒక పల్లెకు చేరుదుము.

నాలుగవ శతాబ్దమున డాన్యూబు నదీ ప్రాంతపు గోతు జాతివారికి ఉల్ఫిలా అను బిషప్పు ఉండెను. ఆయన వారి భాషకు లిపి కూర్చి బైబిలును తర్జుమా చేసెను. ఆ సువార్తల ప్రతి ఒకటి, వెండి అక్షరములతో వ్రాసినది, స్వీడన్ దేశపు ఉప్సాలాలో నేటికిని భద్రముగా ఉన్నది. అందులో గ్రామమునకు రెండు మాటలు కనబడును.

మొదటిది "హైమ్స్". యోహాను 11:1లో మరియ, మార్తల గ్రామమైన బేతనియకు ఈ మాటయే వాడబడెను. ఇంగ్లీషు "హోమ్" దీని తోబుట్టువు. మన "క్షేమము"ను కూడ పలువురు భాషావేత్తలు ఈ కుటుంబముననే చేర్చుదురు. వేదభాషలో క్షేమమనగా భయము లేని నివాసము.

రెండవది "వీహ్స్". మార్కు 6:6లో యేసు ప్రభువు గ్రామములు తిరిగి బోధించెనని చెప్పుచోట ఇది ఉన్నది. సంస్కృతపు "వేశ్మము", గ్రీకు "ఓయికోస్" దీనికి బంధువులు. రెండింటికిని ఇల్లని అర్థము. ఓయికోస్ నుండియే గృహ నిర్వాహకత్వమను అర్థముగల "డియోయికేసిస్" వచ్చెను. రోము ప్రభుత్వము దానిని పరిపాలనా విభాగమునకు పేరుగా వాడెను. తరువాత సంఘము స్వీకరించెను. అదియే మన డయాసిస్. "పారిష్" కూడ ఆ యింటి బిడ్డయే.

మన పల్లె ద్రావిడ కుటుంబపు మాట. ఐతేపల్లె, మదనపల్లె అని మనము పిలుచు ఆ పల్లెయే కన్నడమున "హళ్ళి" ఆయెను. తమిళులకు "పళ్ళి" యనగా బడి. మలయాళ క్రైస్తవులకు దేవాలయము. మనము కాపురముండు చోటి పేరుతోనే వారు ఆరాధించు చోటును పిలుచుచున్నారు.

నేడు చంద్రగిరి చుట్టుపట్ల పల్లెల యౌవనులు చదువుకును, పనికిని తిరుపతికి, చెన్నైకి, బెంగళూరుకు పోవుచున్నారు. ఆదివారమున వృద్ధులు మాత్రమే కూర్చుండు మందిరములు మనకు తెలియనివి కావు. డయాసిస్ అనగా గృహ నిర్వాహకత్వమైనప్పుడు, ఆ యింటివారి క్షేమము విచారించుటయే దాని మొదటి పని. కనుక రెండవ శతాబ్దపు సందర్శనములను జాబితాలో చివరనున్న పల్లెతో ఆరంభించుదము.