బందరు కోట

కొండకోట నీడలో కాపురముండే పావగడ తెలుగువారికి కోట అన్న మాట కొత్త కాదు. ఇక్కడ కొండయే గోడ. బందరు తీరమున కొండలు లేవు; అక్కడ కోటను కాచినది బురద.

గోలకొండ సుల్తానుల కాలమున మచిలీబందరు పెద్ద రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వర్తకమునకు ఇక్కడ దిగిరి. మన అద్దకపు బట్టలు ఇక్కడనే ఓడలెక్కి దూరదేశములకు పోయినవి. 1750లో బందరు ఫ్రెంచివారి వశమైనది. ఊరికి, కోటకు నడుమ ఉప్పునీటి చిత్తడి. దానిని దాటుటకు ఒక గట్టుబాట.

1759 మార్చిలో ఇంగ్లీషు సేనాని ఫోర్డు కోటను ముట్టడించెను. విజయనగరము ఆనందరాజు అతనికి తోడు. లోపల కాన్‌ఫ్లాన్సు సేన ఎక్కువ. బయట ఫోర్డుకు జీతములకు సొమ్ము లేదు, తుపాకిమందు అడుగంటినది, సలాబతుజంగు సైన్యము మీదికి వచ్చుచున్నది. ఏప్రిల్ 7 రాత్రి ఆనందరాజు మనుషులు గట్టుబాటవైపు అలజడి చేసిరి. కెప్టెన్ నాక్సు, ఎవరును రాలేరనుకొన్న నైరుతి బురదలోనుండి కాల్పులు సాగించెను. అసలు దండు ఈశాన్యపు బురుజుపై పడినది. తెల్లవారునప్పటికి కోట లొంగినది. పట్టుబడినవారు పట్టుకొన్నవారికంటె ఎక్కువ!

మే 14న సలాబతుజంగు బందరును, చుట్టుపట్ల సీమలను ఇంగ్లీషువారికి ఇచ్చివేసెను. 1766 సంధితో గుంటూరు తప్ప తక్కిన ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు కూడ వారికి దక్కినవి. తెలుగు కోస్తా చేతులు మారుటకు ఆ ఒక్క రాత్రి త్రోవ తీసినది.

కోటను తుదకు ఓడించినది శత్రువు కాదు, సముద్రము. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టబెట్టుకొన్నది. తరువాత దండు తరలిపోయినది, కోట పాడుపడినది.

ఆయుధాగారము మొదలుగా మిగిలిన కట్టడములు నేడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. 1958 చట్టమునకు 2010లో జరిగిన సవరణ ప్రకారము ఇట్టి కట్టడములకు 100 మీటర్ల లోపల కొత్త ఇల్లు కట్టరాదు. ఆపై 200 మీటర్లలో అనుమతి కావలెను. అయితే ఉప్పుగాలికి చట్టము తెలియదు. చూడవచ్చువారుంటేనే గోడ బాగోగులు అడుగువారుందురు.

మన పిల్లలు పావగడ కొండనెక్కి బురుజులు లెక్కపెట్టగలరు. సెలవులకు కృష్ణా జిల్లాకు పోవు సోదరులు వారికి బందరు కోటను కూడ చూపవలెను. కొండ కాచిన కోట ఒకటి, బురద కాచిన కోట ఒకటి. రెండింటిని ఇకమీదట కాచవలసినవారము మనమే.