కాశీరాజు తవ్వించిన నుయ్యి

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్ సీమలో, చిల్టర్న్ కొండలమీద స్టోక్ రో అనే చిన్న గ్రామం వున్నది. అక్కడ ఒక నూతిపైన ఇనుప స్తంభాలమీద నిలిచిన గుమ్మటం, దాని క్రింద నీరు తోడే యంత్రం, ఆ యంత్రంమీద బంగారు వన్నె ఏనుగు బొమ్మ కనిపిస్తాయి. ఆ నుయ్యి కాశీ మహారాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ సింహుని దానం.

ఆ కొండలు సుద్దరాతి కొండలు. వాననీటిని పైన నిలువనీయక లోతుకు దిగవిడుస్తాయి. పల్లెజనం గుంటలలో మిగిలిన నీటితోనే కాలం గడిపేవారు. అవి ఎండితే మైళ్ళు నడిచి తెచ్చుకునేవారు. ఒక అనావృష్టి కాలంలో, ఇంట మిగిలిన కొద్దిపాటి నీరు తాగినందుకు ఒక పసివాడిని కన్నతల్లే కొట్టినదట. ఆ సీమలో ఇప్స్‌డెన్ గ్రామంవాడైన ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్ వాయవ్య పరగణాలలో ఉన్నతోద్యోగం చేస్తూ ఈ సంగతి మహారాజుకు చెప్పినాడు. 1831లో ఆజంగఢ్ ప్రజలకు బావి తవ్వించిన రీడ్ ఇతడే. నవలాకారుడు చార్లెస్ రీడ్‌కు అన్న.

మహారాజు ఆ మాట మరువలేదు. 1863 మార్చిలో త్రవ్వకం ఆరంభమైనది. వెడల్పు 4 అడుగులు, లోతు 368 అడుగులు, అంతా చేతిపనియే. లండనులోని సెయింట్ పాల్ దేవాలయపు ఎత్తు 365 అడుగులు మాత్రమే. 1864 మే 24న, విక్టోరియా రాణి జన్మదినాన, నుయ్యి ప్రజలపరమైనది. నీటికి వెల లేదు. నూతి పోషణకై చెర్రీతోట వేసి, మహారాజు పేరిట ఈశ్వరీబాగ్ అన్నారు.

1857 తిరుగుబాటులో మహారాజు ఆంగ్లేయుల పక్షాన నిలిచినాడు. రీడ్ ఆగ్రాలో పాలనాభారం వహించినాడు. కనుక ఈ దానంలో రాజభక్తి పాలు లేదనడం చరిత్రకు న్యాయం కాదు. అయితే రాజభక్తి చాటడానికి రాజధానిలో ఒక విగ్రహం చాలును. పేరు తెలియని పల్లెలో నుయ్యి అక్కరలేదు. తటాకం, వనం, కృతి మొదలైనవాటిని సప్తసంతానాలుగా ఎన్నడం మన ప్రబంధాల అవతారికలు చదివినవారికి పరిచితమే. నుయ్యి, తోట రెండింటినీ కలిపి యిచ్చిన ఈ దానంలో ఆ పాత ధర్మపు జాడ స్పష్టం. ఏలినవారి దేశంలోనూ దప్పిక గొన్న పేదలుంటారని ఏలుబడిలోని రాజు గ్రహించినాడు.

ఇరవయ్యవ శతాబ్దంలో కుళాయినీరు రాగా నూతికి విశ్రాంతి లభించినది. 1964లో శతవార్షికోత్సవానికి ఫిలిప్ రాకుమారుడు వచ్చినాడు. గంగాజలాన్ని ఆ నూతినీటితో కలిపినారు. నూతికి కారణమైన పసివాని పేరు మాత్రం ఎక్కడా నిలవలేదు.