ఒక్క టెరాహ్యాష్‌కు ఎంత కరెంటు?

2009 జనవరి 3న సతోషి నకమోటో బిట్‌కాయిన్ తొలి బ్లాకును మైనింగ్ చేయడానికి మామూలు కంప్యూటరు ప్రాసెసరే సరిపోయింది. 2010లో కొందరు ఆ పనిని గేముల గ్రాఫిక్స్ కార్డులకు అప్పగించారు. ఒకే రకం లెక్కలు వందలకొద్దీ పక్కపక్కనే చేయడం వాటి స్వభావం కాబట్టి వేగం ఎన్నో రెట్లు పెరిగింది. ఆ తర్వాత వచ్చిన ఎఫ్‌పీజీఏ బోర్డులు ఎక్కువకాలం నిలవలేదు. 2013 జనవరిలో అవలాన్ యంత్రాలు దిగాయి. మైనింగ్‌కు కావలసిన ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క తప్ప మరో పని రాని ఏసిక్ చిప్పులు వాటిలో ఉండేవి. అసలు పొదుపు చరిత్ర అక్కణ్నుంచే మొదలు.

అదే ఏడాది బిట్‌మెయిన్ తెచ్చిన యాంట్‌మైనర్ ఎస్1 సెకనుకు 180 గిగాహ్యాష్‌లు (ఆ లెక్క ఒకసారి చేస్తే ఒక హ్యాష్, గిగా అంటే వంద కోట్లు) చేయడానికి 360 వాట్లు తాగేది. అంటే టెరాహ్యాష్‌కు, లక్ష కోట్ల హ్యాష్‌లకు, 2000 జౌల్స్. 2016 నాటి ఎస్9 దాన్ని 100కు దించింది. 2020లో ఎస్19 ప్రో 30 దగ్గరికి, ఆ తర్వాత ఎస్21 17.5కు చేర్చాయి. పదేళ్లలో నూరు రెట్లకు పైగా మెరుగు!

ట్రాన్సిస్టర్లు 55 నానోమీటర్ల నుంచి 16కు, 5కు కుంచించుకుపోవడం ఒక కారణం. నాకు మరింత గొప్పగా తోచేది వోల్టేజి కథ. లెక్కకు పట్టే విద్యుత్తు వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజి సగమైతే ఖర్చు నాలుగో వంతుకు పడిపోతుంది. వేగం తగ్గినా, చిప్పులు పెంచి ఆ లోటు పూడ్చుకోవచ్చు. అందుకే ఇంజనీర్లు ట్రాన్సిస్టరు పనిచేయగల కనిష్ఠ వోల్టేజి అంచుదాకా వెళ్లారు. అంత చిన్న వోల్టేజిని విడిగా తయారుచేస్తే మార్పిడిలోనే నష్టం కనుక, చిప్పులను సిరీస్‌లో కలిపి 12 వోల్టులను వాటికి పంచారు.

ఇంత చేసినా మొత్తం వాడకం తగ్గలేదు, పెరిగింది. బోర్ల మీద బతికే రైతుకు ఇది తెలిసిన సంగతే. ఒకరు మంచి మోటారు దించితే పక్కవాడు ఇంకా లోతుకు వెళ్తాడు, భూమిలో నీళ్లు మాత్రం పెరగవు. బిట్‌కాయిన్‌లో ప్రతి 2016 బ్లాకులకు, అంటే దాదాపు రెండు వారాలకోసారి, లెక్క కఠినత సర్దుబాటవుతుంది. ఎన్ని యంత్రాలొచ్చినా సగటున పది నిమిషాలకు ఒక్క బ్లాకే. కొత్త యంత్రం ముందు కొన్నవాడికి కొన్నాళ్లు లాభం, అందరూ కొన్నాక మళ్లీ మొదటికే.

2022 సెప్టెంబర్ 15న మరో క్రిప్టో కరెన్సీ ఇథీరియం ఈ లెక్కల పందేన్నే వదిలి, తాకట్టు పెట్టిన నాణేల మీద నడిచే ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌కు మారింది. దాని విద్యుత్ వాడకం 99 శాతానికి పైగా పడిపోయింది. చిప్పుల నైపుణ్యం తేలేని తగ్గింపును నియమం మార్పు ఒక్కరోజులో తెచ్చింది. ఈ చరిత్రలో అంతకన్నా పెద్ద ఘట్టం నాకు కనబడదు.

తెలంగాణ సరిహద్దున ఉన్న మా దెగ్లూర్ లెక్కలో చూస్తే, ఎస్21 వాడే 3500 వాట్లు 5 హెచ్‌పీ పంపు మోటారుకు దాదాపు సమానం. మోటారు త్రీఫేజు ఉన్నంతసేపే తిరుగుతుంది. ఆ యంత్రం రాత్రింబవళ్లు నడవాలి, రోజుకు 84 యూనిట్లు కావాలి. పైగా 2022 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది, అందులో కరెంటు బిల్లును మినహాయించుకునే వీలు లేదు. చేనుకు నీళ్లు పెట్టడానికి వంతు కరెంటు కోసం ఎదురుచూసే చోట ఈ వ్యాపారం పెట్టమని నేనెవరికీ చెప్పను.