ఉష్ణీషమా, శిరస్త్రాణమా?

మా మేనల్లుడు చెన్నపట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. పైకప్పును వెనక్కి మడిచిపెట్టగలిగే రెండు సీట్ల కారొకటి ఈ మధ్యనే కొన్నాడు. దంపతులిద్దరూ అందులో తిరుపతికి వచ్చి, స్వామి దర్శనం చేసుకొని, మర్నాడు మదనపల్లె మీదుగా హార్స్లీ కొండకు ప్రయాణమయ్యారు. బయలుదేరేముందు వాడు నన్నడిగిన ప్రశ్న ఇది.

"మామా, కప్పు తీసేసి పోవాలని ఉండాది. తలకేం పెట్టుకొనేది? టోపీ అయితే గాలికి ఎగిరిపోతాది. హెల్మెట్ పెట్టుకుంటే జనం నవ్వతారు."

వాడు వేడుకకే అడిగాడు. తెలుగు పాఠాలు చెప్పి బ్రతికినవాడిని గనుక నాకు మాత్రం ముందు అమరకోశం గుర్తుకు వచ్చింది. అందులో తలకు పెట్టుకొనే వస్తువులకు రెండు జాతుల పేర్లున్నాయి. ఒకటి ఉష్ణీషం. దీనికి తలచుట్టు, కిరీటం అని అమరసింహుడు రెండర్థాలు చెప్పాడు. వ్యాఖ్యాతలు ఎండవేడిని పోగొట్టేది గనుక ఉష్ణీషమన్నారు. రెండవది శిరస్త్రం, శీర్షణ్యం. మనం శిరస్త్రాణమంటున్నది దీనినే. ఇది క్షత్రియవర్గంలో, కవచం పక్కన కనబడుతుంది. అంటే ఎండకూ గౌరవానికీ ఒక మాట, దెబ్బకు వేరొక మాట. ఈ రెండింటినీ మన పూర్వులు కలగలపలేదు. మనమే కలగలుపుతున్నామని నాకు తోచింది. ఎందుకలా తోచిందో చెప్పడానికి కొంత చరిత్ర తిరగవేయాలి.

తిరుమల ఆలయ మహాద్వారం దాటగానే, మండపంలో శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహం, ఇరుప్రక్కల తిరుమలదేవి, చిన్నాదేవుల విగ్రహాలతో కూడి నిలిచి ఉంటుంది. జనసమ్మర్దంలో చాలామంది దానిని చూడకుండానే సాగిపోతారు. ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క క్షణం ఆగి రాయలవారి తలను చూడండి. చేతులు జోడించి ఉన్నాడు, తలమీద మాత్రం ఎత్తైన మొనదేలిన టోపీ ఉంది. అదే కుళ్లాయి. 1513 మొదలు 1521 వరకు ఏడుసార్లు కొండకు వచ్చిన రాయలు మొదటి రాకలోనే స్వామికి నవరత్నఖచితమైన కిరీటాన్ని సమర్పించాడు. కిరీటం స్వామికిచ్చి, తాను కుళ్లాయితో వాకిట నిలిచాడు.

ఈ రోజుల్లో స్వామి ఎదుట తలగుడ్డ తీసివేయడమే మర్యాద. ఆనాటి కొలువులో తల కప్పుకొని నిలవడమే మర్యాద. కుళ్లాయి అన్న మాట పారసీకపు 'కులాహ్' నుండి వచ్చింది. సుల్తానుల కొలువుల వేషం విజయనగర కొలువులోకి వచ్చినప్పుడు పొడుగాటి కబాయితోపాటు ఇదీ వచ్చింది. ప్రౌఢదేవరాయల దర్శనానికి పోయిన శ్రీనాథుడు తాను పెట్టుకోవలసివచ్చిన కుళ్లాయిని తలచుకొని విసుగుపడిన చాటుపద్యం మీకందరికీ తెలిసినదే. ఆ పద్యం అతనిదైనా కాకపోయినా, తెలుగు పండితుని తలకు ఆ వేషం కొత్త అన్న సంగతి దానివల్ల తెలుస్తున్నది. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది చిత్రాలలో కుళ్లాయిలు వరుసలు వరుసలుగా కనబడతాయి. క్రీ.శ. 1520 ప్రాంతంలో రాయలను కళ్ళారా చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, ఆయన తలమీది జరీటోపీని గలీసియా శిరస్త్రాణంతో పోల్చాడు. అదే వాక్యంలో రాజు పాదాలకు చెప్పులు లేవనీ రాశాడు. చూపుకు శిరస్త్రాణం, నిజానికి పట్టుగుడ్డ. అది ఉష్ణీషమే గాని శిరస్త్రాణం కాదు.

కొలువులు పోయిన తరువాత కుళ్లాయి పోయింది, తలపాగా నిలిచింది. మా తిరుపతి, చిత్తూరు ప్రాంతాల రైతుకు అది రుమాలు. ఎండకు నీడ, చెమటకు తువ్వాలు, వేరుశెనక్కాయల గంప ఎత్తితే చుట్టకుదురు, చెట్టుక్రింద పడుకుంటే తలగడ. పెద్దమనిషి ఎదురైతే తలనుండి భుజానికి దిగేదీ అదే. చదువుకున్నవారికి అది తెల్లని పాగా అయింది. 1888లో తిరుత్తణిలో పుట్టి, మా తిరుపతి మిషన్ పాఠశాలలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడైనా, 1962లో రాష్ట్రపతి అయినా ఆ తెల్లపాగా విడువలేదు. (తిరుత్తణి 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో 1960 దాకా ఉండినది గనుక 'మా వాడు' అనడానికి మాకు హక్కున్నది.)

ఇన్ని శతాబ్దాలలోనూ తలగుడ్డను ఎన్నుకోవడానికి ఒకటే ప్రశ్న ఉండేది: నేనెవరి ఎదుట నిలుస్తున్నాను? ఎద్దులబండికి, పల్లకికి, డోలీకి ఆ ప్రశ్న సరిపోయింది. మనిషి నడకకంటె ఆ వాహనాల వేగం పెద్దగా మించదు గదా. 1944 ఏప్రిల్ 10న తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు తెరిచి మోటారు కొండెక్కిన నాటికి ప్రశ్న మారింది. కాని తలలు మారలేదు.

మోటారు కార్లు పుట్టినప్పుడు దాదాపుగా అన్నీ కప్పులేనివే. దొరలు బిగువైన తోలుటోపీలు పెట్టి, కళ్ళకు అద్దాలు తగిలించి నడిపేవారు. దొరసానులు వెడల్పు టోపీలమీద పలుచని మేలిముసుగు వేసి గడ్డంక్రింద ముడివేసుకొనేవారు. మన దేశంలో తెల్లవారికి ఎండ భయమే ఎక్కువ గనుక బెండుటోపీ వదలలేదు. అది ఎండకు మేలైనది, గాలికి మాత్రం గొడుగువంటిది. గాలి ఒత్తిడి వేగానికి వర్గప్రమాణంలో పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో గాలి తోసే తోపుకు 60లో నాలుగు రెట్లు, 90లో తొమ్మిది రెట్లు. బెండుటోపీగాని, ఇస్త్రీపెట్టిన పాగాగాని దానికి నిలవవు. కారు ముందద్దం గాలినంతా ఆపుతుందనుకోవడం కూడా పొరపాటే. అద్దంమీదుగా దూకిన గాలి సీట్ల వెనుక సుడి తిరిగి, వీపువైపునుండి తిరిగి వస్తుంది. కప్పులేని కారులో జుట్టు ముఖంమీదికి పడడం అందుకే.

టోపీ ఎగిరిపోతే పోయేది టోపీయే. ఎగిరిపోనిదే ప్రమాదకరమైనది. 1927 సెప్టెంబరు 14న ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో ఇసడోరా డంకన్ అనే జగత్ప్రసిద్ధ నర్తకి కప్పులేని కారెక్కింది. మెడకు పొడుగాటి పట్టుశాలువ. కారు కదిలింది. శాలువ కొంగు చక్రంలో చుట్టుకుంది. ఆమె ప్రాణం అక్కడికక్కడే పోయింది.

ఆ కథ చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే అది నాకు తప్పిన కథ. ఉద్యోగకాలంలో చంద్రగిరి ప్రక్క పల్లెకు మోపెడ్ మీద బడికి పోయేవాడిని. పంచె, లాల్చీ, భుజాన ఉత్తరీయం. పండితుడికి ఉత్తరీయం లేకపోతే పిల్లలముందు చిన్నతనమని నా పట్టుదల. ఒకనాటి ఉదయం ఆ ఉత్తరీయం కొస వెనుకచక్రంలో పడి, నన్ను మెడపట్టి వెనక్కి లాగినట్లు క్రింద పడవేసింది. రోడ్డు ప్రక్కన ఎవరో ఇల్లు కట్టుకోవడానికి తోలించిన ఇసుకకుప్ప ఉండబట్టి తల దానిమీద పడింది. బారెడు ఇవతల కంకరకుప్ప ఉండినది. కొని మూడేళ్ళయిన హెల్మెట్ ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడుతూ ఉండేది. అందులో మా ఇంటావిడ వెల్లుల్లిపాయలు దాచుకొనేది. నన్ను లేవదీసిన బడిపిల్లలు ముందు నా ఉత్తరీయం దులిపి భుజానవేశారు, తరువాత నా తల తడిమి చూశారు. వాళ్ళకు నేర్పినవాణ్ణి నేనేగదా!

శిరస్త్రాణం మోటారుబండికి ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. టి.ఇ. లారెన్స్ అనే ఆంగ్లేయ సైనికుడు మొదటి ప్రపంచయుద్ధంలో అరబ్బుల తలగుడ్డ ధరించి లోకప్రసిద్ధుడయ్యాడు. 1935 మే నెలలో మోటారుసైకిలు మీదనుండి పడి, తలకు తగిలిన దెబ్బతో ఆరు రోజులకు చనిపోయాడు. ఆనాడు తలమీద ఏమీ లేదు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. కెయిర్న్స్ ఆ తరువాత మోటారుసైకిలు సైనికుల తలగాయాలను పరిశీలించి 1941లో వ్యాసం ప్రకటించాడు. ఆ ఏడాది నవంబరులోనే బ్రిటిష్ సైన్యం తన మోటారుసైకిలు వార్తాహరులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్ ద్విచక్రవాహనం ఎక్కేవారికి దానిని విధించింది. పాగా ధరించిన సిక్కులకు మినహాయింపునిచ్చింది. ఉష్ణీషానికీ శిరస్త్రాణానికీ ఉన్న పాతతగవు ఆ ఒక్క సెక్షన్‌లో ఇమిడి ఉన్నది. హెల్మెట్ లోపలి థర్మకోల్ పొర దెబ్బతగిలినప్పుడు తాను నలిగి, తలకు చేరవలసిన తాకిడిని మ్రింగుతుంది. తాను చచ్చి తలను బ్రతికిస్తుంది. ఏ పాగాకూ ఆ గుణం లేదు.

అందుచేత మేనల్లుడికి నేను చెప్పిన జవాబు ఇది. కారులో ఉన్నవాడికి శిరస్త్రాణం సీటుబెల్టే. అది బిగించిన తరువాత తలకు కావలసింది ఎండా గాలీ ఆపే ఉష్ణీషం మాత్రమే. కనుక అంచు చిన్నదై, తలకు బిగువుగా పట్టి, గడ్డంక్రింద పట్టీ ఉన్న నూలుటోపీ మేలు. అమ్మాయి జడ ముడిచి, చతురస్రపు చిన్న గుడ్డ వెనక్కి ముడివేసి కొసలు లోపలికి దోపుకోవాలి. చున్నీ, కండువా, శాలువ వంటివి కారు ఎక్కకముందే పెట్టెలోకి పోవాలి. జనం నవ్వుతారన్నది వేగానికి తెలియని సంగతి. రెండుచక్రాల బండి ఎక్కిననాడు మాత్రం ఉష్ణీషం పనికిరాదు, శిరస్త్రాణమే.

అమ్మాయి ఏమీ మాట్లాడకుండా చున్నీ తీసి మడిచి మా ఇంటావిడ చేతికిచ్చింది. సాయంకాలం ఇద్దరూ ముఖాలు కమిలి, సంతోషంగా తిరిగివచ్చారు. వెనకటి కొలువులలో రాజును చూసి తలగుడ్డ ఎన్నుకున్నారు. రోడ్డుమీద రాజు లేడు, కంకరకుప్ప ఉన్నది.

తలగుడ్డ, రుమాలు, పాగా, తలపాగా అన్నవి మా వైపు మాటలు. మీ ప్రాంతాలలో వేరే మాటలున్నవేమో మిత్రులు తెలియజేస్తే సంతోషిస్తాను. అన్నట్టు, మా ఇంట్లో వెల్లుల్లిపాయలు ఇప్పుడు గంపలో ఉంటున్నాయి.