బస్సెక్కొచ్చు, బస్సు మీద పని చెయ్యకూడదు (ఆరో భాగం)



లండన్ రైల్లో, మెల్‌బోర్న్ ట్రామ్‌లో, డబ్లిన్ బస్సులో మనవాళ్లను ఎవరో నోటికొచ్చినట్టు తిడుతున్న వీడియోలు మీ ఫోన్లలోకీ వస్తూనే ఉంటాయి. విదేశీ చదువులకు అప్లై చేస్తున్న పిల్లలు క్లాసు అయ్యాక నన్ను అడిగేది కూడా ఇదే: అక్కడి బస్సుల్లో మనల్ని మనుషుల్లా చూస్తారా?

దీనికి వీడియోలు జవాబు చెప్పవు. తిట్టినవాడు తర్వాతి స్టాపులో దిగిపోతాడు. బస్సులో ఎవరు టికెట్లు కొట్టాలి, ఎవరు స్టీరింగు పట్టాలి, ఎవరు షెడ్డులోనే ఉండిపోవాలి అని నిర్ణయించినవాళ్లు మాత్రం దిగరు. వాళ్ల సంగతి తెలియాలంటే 1963కి, బ్రిస్టల్‌కి వెళ్లాలి. ఇంగ్లండుకు పడమటి వైపు రేవు పట్టణం అది. ఆఫ్రికా మనుషులను బానిసలుగా అట్లాంటిక్ దాటించిన వ్యాపారంతో బలిసిన ఊరు.

అంతకన్నా ముందు గాంధీ గారి రైలు సంగతి తేల్చేద్దాం. లేకపోతే కామెంట్లలో మీరే తెస్తారు.

1893 జూన్ 7 రాత్రి పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో ఫస్ట్ క్లాస్ టికెట్టున్న బారిస్టరును రైల్లోంచి దించేశారు. అన్యాయమే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ రైల్వేలో చాకిరీ చేసినవాళ్ల గురించి మన పాఠ్యపుస్తకం ఒక్క ముక్క చెప్పదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అందులో ఉన్నది చెరకు తోటల కోసం తెచ్చిన ఒప్పంద కూలీలు. ఆ తర్వాత 1911 దాకా అలా వెళ్లినవాళ్లు లక్షన్నర మంది పైనే, అందులో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. తెలుగు మాలమాదిగలూ తమిళ పరయర్లూ వాళ్లలో ఉన్నారు. నేటాల్ ప్రభుత్వ రైల్వే కూడా ఆ కూలీలను పనిలో పెట్టుకుంది. యజమాని రాసిచ్చిన చీటీ లేకుండా తోట దాటిపోతే అరెస్టు చేసే రోజులవి. ఫస్ట్ క్లాసా థర్డ్ క్లాసా అన్న ప్రశ్న వాళ్ల దాకా రానేలేదు.

ఇంకొక్క మాట. డర్బన్ పోస్టాఫీసుకు అప్పట్లో రెండు గుమ్మాలు ఉండేవి, ఒకటి తెల్లవాళ్లకు, రెండోది మిగతా అందరికీ. గాంధీ కార్యదర్శిగా ఉన్న నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ దాని మీద అర్జీ పెట్టింది. పెట్టి సాధించిందేమిటంటే, ఆఫ్రికన్లతో కలిసి నడవాల్సిన అవసరం లేకుండా భారతీయులకు మూడో గుమ్మం! వేరే గుమ్మం అంటే ఏమిటో మన వాడల్లో పుట్టినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

సరే, బ్రిస్టల్.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో పనివాళ్లు దొరకలేదు. జమైకా, బార్బడోస్ లాంటి కరీబియన్ దీవుల నుంచి జనం వచ్చారు. లండన్ బస్సులూ రైళ్లూ నడిపే సంస్థ 1956 నుంచి బార్బడోస్‌కే వెళ్లి మనుషులను ఎంపిక చేసుకుని తెచ్చుకుంది. 1960ల మొదట్లో బ్రిస్టల్‌లో దాదాపు మూడు వేల మంది వెస్టిండియన్లు ఉండేవాళ్లు. 1948 చట్టం ప్రకారం వాళ్లు బ్రిటిష్ పౌరులుగానే ఓడ దిగారు. కాగితం మీద పరదేశీయులు కారు. తెలుగులో పరదేశి అన్న మాటకు రెండు అర్థాలున్నాయి, గమనించారా? వేరే దేశంవాడు ఒకటి, దిక్కులేనివాడు రెండోది. "పాపం పరదేశి" అంటాం కదా, ఆ రెండోది. బ్రిస్టల్‌లో వాళ్లకు అంటగట్టింది ఆ రెండూ.

బ్రిస్టల్ ఆమ్నిబస్ కంపెనీ ప్రభుత్వ యాజమాన్యంలో ఉన్న సంస్థ. నల్లవాళ్లు బస్సెక్కొచ్చు, డబ్బిచ్చి కూర్చోవచ్చు. వర్క్‌షాపులో పని చెయ్యొచ్చు, క్యాంటీన్లో చెయ్యొచ్చు. డ్రైవరుగా, కండక్టరుగా మాత్రం వీల్లేదు. జీతం తక్కువుండి కంటికి కనపడని చోట పని దొరుకుతుంది, యూనిఫాం వేసుకుని జనం మధ్య నిలబడే చోట దొరకదు.

ఈ గీత గీసింది ఎవరు? యజమాని ఒక్కడే అయితే కథ సులువుగా ఉండేది. 1955లోనే ట్రాన్స్‌పోర్ట్ అండ్ జనరల్ వర్కర్స్ యూనియన్ స్థానిక శాఖ, బస్సు సిబ్బందిలో నల్లవాళ్లను చేర్చుకోకూడదని తీర్మానం చేసింది. జాతీయ స్థాయిలో అదే యూనియన్ వర్ణవివక్షకు వ్యతిరేకం. పైన ఉపన్యాసం, కింద తీర్మానం! వాళ్ల లెక్క వాళ్లకుంది. బస్సు కార్మికుల అసలు జీతం తక్కువ, ఓవర్‌టైం మీద ఇల్లు గడిచేది. మనుషులు తక్కువుంటేనే ఓవర్‌టైం. కొత్తవాళ్లు వస్తే అది పోతుందన్న భయం. ఆ భయం నిజమైనదే. అయితే కొత్తగా వచ్చిన తెల్లవాడి మీద అలాంటి తీర్మానం ఏదీ లేదే!

మనకిది కొత్త కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో దళిత కార్మికులను నేత విభాగంలోకి రానిచ్చేవాళ్లు కాదు. కండెలోకి నూలు ఎక్కించేటప్పుడు నోటితో పీల్చాలి, అంటరానివాడి ఎంగిలి తగులుతుందని. నేతలో కూలి ఎక్కువ, స్పిన్నింగులో తక్కువ. 1928 సమ్మె రోజుల్లో అంబేద్కర్ ఈ సంగతి అడిగితే ఎర్రజెండా నాయకులకు ఇబ్బందిగా ఉండింది. బ్రిస్టల్ వర్క్‌షాపును బొంబాయి స్పిన్నింగ్ విభాగం పక్కన పెట్టి చూడండి.

1961లో బ్రిస్టల్ ఈవెనింగ్ పోస్ట్ పత్రిక ఈ నిషేధం గురించి రాసింది. ఏమీ కదల్లేదు. రాయ్ హ్యాకెట్, ఓవెన్ హెన్రీ, ఆడ్లీ ఎవాన్స్, ప్రిన్స్ బ్రౌన్ అనే నలుగురు వెస్టిండియన్లు ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్లకు పాల్ స్టీఫెన్‌సన్ తోడయ్యాడు. ఇంగ్లండులోనే పుట్టినవాడు, తండ్రి పశ్చిమ ఆఫ్రికా మనిషి, యువజన కార్యక్రమాల్లో ఉద్యోగం. నిషేధం ఉందని అందరికీ తెలుసు, చేతిలో రుజువు లేదు. రుజువు చూపించే పద్ధతి స్టీఫెన్‌సన్ ఆలోచించాడు. గై బెయిలీ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఉన్నాడు. గోడౌన్‌లో గుమాస్తా, రాత్రి బడిలో చదువుతున్నాడు, చర్చి కుర్రాళ్ల దళంలో బాధ్యుడు. వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. స్టీఫెన్‌సన్ కంపెనీకి ఫోన్ చేసి, ఖాళీలున్నాయని చెప్పించుకుని, ఇంటర్వ్యూ ఖాయం చేయించాడు. తర్వాత, కుర్రాడు వెస్టిండియన్ అని చెప్పాడు. ఇంటర్వ్యూ రద్దు!

1963 ఏప్రిల్ 30న బస్సుల బహిష్కరణ మొదలైంది. మోంట్‌గొమరీలో రోజా పార్క్స్ అరెస్టు తర్వాత నల్లవాళ్లు 381 రోజులు బస్సెక్కకుండా నడిచిన కథ వాళ్ల కళ్ల ముందుంది. మర్నాడు మేడే. బ్రిస్టల్ యూనివర్సిటీ విద్యార్థులు వంద మంది దాకా బస్ స్టేషన్‌కీ యూనియన్ ఆఫీసుకీ ఊరేగింపుగా వెళ్లారు. దారిలో వాళ్లను ఎగతాళి చేసింది బస్సు కార్మికులే. మేడే నాడు! విద్యార్థి మిత్రులు ఈ తేదీని గుర్తు పెట్టుకోండి.

కంపెనీ జనరల్ మేనేజర్ ఇయాన్ పేటీ దాచుకోలేదు, నల్లవాళ్లను తీసుకుంటే తెల్లవాళ్లు మానేస్తారని బాహాటంగానే వాదించాడు. మిగతా పెద్దమనుషులు ఏం చేశారన్నది నాకు ఇంకా ఆసక్తి. చర్చిల మండలి, ఎవరో కొద్దిమంది కావాలని గొడవ సృష్టించారని విచారం ప్రకటించింది. యూనియన్ ప్రాంతీయ కార్యదర్శి ఒక నల్లజాతి సభ్యుడి చేతనే, చప్పుడు లేకుండా మాట్లాడుకుందాం అన్న ప్రకటన మీద సంతకం పెట్టించాడు. స్టీఫెన్‌సన్ బాధ్యత లేనివాడు, నిజాయితీ లేనివాడు అని పత్రికలో తిట్టాడు. స్టీఫెన్‌సన్ పరువు నష్టం దావా వేసి, ఆ డిసెంబరులో గెలిచి, నష్టపరిహారం కట్టించాడు. మీలో ఎంతమందికి ఈ మూడు అనుభవాలూ ఉన్నాయో నాకు తెలుసు: "గొడవ చేసేది మీరే", "మీలోనే ఒకాయన మాతో ఉన్నాడు", "నీ నడత మంచిది కాదు".

తోడు వచ్చినవాళ్లూ ఉన్నారు. లేబర్ నాయకుడు టోనీ బెన్ తాను బస్సెక్కనన్నాడు. ఆ పార్టీ అధినేత హెరాల్డ్ విల్సన్ నిషేధాన్ని ఖండించాడు. ఒకప్పటి క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్ అప్పుడు ట్రినిడాడ్ హైకమిషనర్‌గా లండన్‌లో ఉన్నాడు, ఆయన గట్టిగా నిలబడ్డాడు. అదే మే నెలలో వెస్టిండీస్ జట్టు బ్రిస్టల్‌లో మ్యాచ్ ఆడింది, బహిష్కరణ మీద మాత్రం నోరు విప్పలేదు. స్టార్లు అప్పుడూ అంతే.

నాలుగు నెలలు. ఆగస్టు 27న అయిదు వందల మంది బస్సు కార్మికుల సమావేశం నిషేధం ఎత్తేయడానికి ఒప్పుకుంది. 28న కంపెనీ ప్రకటించింది. అదే రోజు వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ తన కల గురించి చెప్తున్నాడు. సెప్టెంబరు 17న బ్రిస్టల్ బస్సెక్కిన మొదటి తెల్లవాడు కాని కండక్టరు పేరు రఘ్‌బీర్ సింగ్. మన దేశపు సిక్కు. కొద్ది రోజులకు ఇద్దరు జమైకన్లు, ఇద్దరు పాకిస్తానీలు చేరారు. ఆ యూనియన్ ఇప్పుడు యునైట్‌లో కలిసిపోయింది. ఆ యునైట్ క్షమాపణ చెప్పింది 2013లో. యాభై ఏళ్లు పట్టింది.

ఆఫ్రికా మూలాలున్న మనుషులు ముందు నిలబడి తెరిచిన తలుపులోంచి మొదట నడిచింది ఒక భారతీయుడు. 1965లో బ్రిటన్ మొదటి జాతి సంబంధాల చట్టం బస్సులూ రైళ్లలాంటి ప్రజా స్థలాల్లో వివక్షను నిషేధించింది, 1968 చట్టం ఉద్యోగాలకూ ఇళ్లకూ దాన్ని విస్తరించింది. ఇవాళ అక్కడ బస్సులో ఒక తెలుగు విద్యార్థి ధైర్యంగా కంప్లయింట్ ఇవ్వగలుగుతున్నాడంటే, దాని వెనక గై బెయిలీ రద్దయిన ఇంటర్వ్యూ ఉంది.

మరి ఆ తలుపులోంచి మనవాళ్లు వెంట ఏం తీసుకెళ్లారు?

అంబేద్కర్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" చదివినవాళ్లకు తెలుసు. 1913లో న్యూయార్క్ వెళ్లి, అక్కడా లండన్‌లోనూ ఉన్న ఏళ్లలో తాను అంటరానివాణ్నన్న స్పృహే చెరిగిపోయిందని ఆయన రాశాడు. తిరిగొచ్చి బరోడా స్టేషన్లో దిగగానే, ఎక్కడికి వెళ్లాలి, ఎవరు ఉండనిస్తారు అన్న ప్రశ్న. 1929లో చాలీస్‌గావ్‌లో దిగితే, మహారును బండిలో ఎక్కించుకోమని టాంగావాళ్లు మొరాయించారు. చివరికి టాంగా ఇచ్చారు, తోలేవాణ్ని ఇవ్వలేదు. తోలడం రాని మనవాడొకరు పగ్గాలు పట్టారు. వంతెన మీద బండి దెబ్బతిని, బాబాసాహెబ్ రాళ్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నారు. అప్పటికాయన బారిస్టరు, రెండు దేశాల డాక్టరేట్లు ఉన్నవాడు. అమెరికా గొప్పదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన కొలంబియాలో చదువుతున్న ఆ ఏళ్లలోనే దక్షిణ రాష్ట్రాల రైళ్లలో నల్లవాళ్లకు వేరే పెట్టె, అదీ చట్టం ప్రకారం. అక్కడి అంటరానితనం గురి ఆయన మీద లేదు, అంతే. పరాయి దేశంలో పరదేశిగా ఊపిరి పీల్చుకున్న మనిషి, సొంత దేశంలో వీసా కోసం ఎదురు చూశాడు.

బ్రిటన్‌కు వలస వెళ్లిన పంజాబీల్లో రవిదాసీయులు చాలామంది. గురుద్వారాలో తమ కులం మాట వినలేక వేరే గుడులు కట్టుకున్నారు. బ్రిటన్ దళిత సంఘాలు 2000ల్లో బయటపెట్టిన ఫిర్యాదుల్లో ఒకటి బస్సులదే. సౌతాంప్టన్‌లో ఒక బస్సు కంపెనీ మేనేజరు షిఫ్టులు మార్చాల్సొచ్చింది. ఎందుకు? "పై" కులం డ్రైవరు "కింది" కులం ఇన్‌స్పెక్టరుతో కలిసి పని చెయ్యకుండా! ఇద్దరూ ఆ దేశపు కళ్లకు ఒకే రంగు. 1963లో అయితే ఇద్దరికీ ఒకే తలుపు మూసుకునేది.

2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. 2013లో పార్లమెంటు దాన్ని తప్పనిసరి చేసింది. అక్కడి కొన్ని హిందూ సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి, మా మీద వివక్ష అవుతుందని. 2018లో ప్రభుత్వం, కోర్టు తీర్పులు చాలు, ప్రత్యేక చట్టం అక్కర్లేదని తేల్చేసింది. వీసా స్టాంపు పడ్డ మిత్రులు ఈ తేదీలను కూడా సర్టిఫికెట్లతో పాటు దగ్గర పెట్టుకోండి.

వచ్చే భాగంలో వుల్వర్‌హాంప్టన్ బస్సుల్లో 1967లో మొదలైన తలపాగా గొడవ.

జై భీమ్.