ముందు మడిగె, వెనక దలాన్

హైదరాబాదు ముస్లిం అనగానే చరిత్ర పుస్తకాలకు గుర్తొచ్చేది నవాబు. నవాబు దేవిడీ, దేవిడీలో ఝూమర్లు, గేటు ముందు కావలి. ఆ గేటు బయట దూది ఏకి, బట్టలు కుట్టి, గాజులమ్మి బతికినవాడు ఆ పుస్తకాల్లో లేడు. అతనూ ముస్లిమే. మాలో ఎక్కువమందిమి అతని పిల్లలమే. మరి అతని ఇల్లేది?

ఈ ప్రశ్నను మౌలాలి కొండ కింద నిలబడి అడగాలి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1578లో, యాఖూత్ అనే దర్బారు సేవకుడికి హజ్రత్ అలీ కలలో కనిపించాడనీ, ఆ తర్వాత కొండ మీది రాతిపై ఆయన చేతి గుర్తు దొరికిందనీ కథ. అట్లా వెలసిన దర్గాకు ఆసఫ్‌జాహీల కాలంలో రజబ్ నెల ఉర్సు పెద్ద పండుగైంది. అమీర్లు కొండ చుట్టూ విడిది ఇళ్లు, తోటలు కట్టుకున్నారు. కవయిత్రి మహ్‌లఖా బాయి చందా 1792లో తన తల్లికి ఇక్కడే సమాధి కట్టించింది. 1824లో చనిపోయాక ఆమెనూ అక్కడే ఖననం చేశారు. 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ సాయంతో ఆ కట్టడానికి మరమ్మతులు జరిగాయి. సంతోషమే.

కానీ ఉర్సుకు హిందువులూ ముస్లింలూ వస్తారు. ఆ జనానికి పూలూ, ఊదూ, గాజులూ, మిఠాయీ అమ్మినవాళ్ల ఇళ్ల సంగతేమిటి? హైదరాబాదులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ చిన్న వ్యాపారి ఇల్లు చాలావరకు ఒకే తీరు. ముందు దుకాణం, వెనక కాపురం.

ఆ దుకాణం గదిని మా ఉర్దూలో ముల్గీ అంటాం. పక్కింటి తెలుగువాడు మడిగె అంటాడు. కన్నడంలో మళిగె, తమిళంలో మళిగై. అంటే మా బతుకుదెరువుకు మేం పెట్టుకున్న పేరు అరబ్బు దేశం నుంచో ఇరాన్ నుంచో రాలేదు. ఈ నేల మాట అది. తెలుగువాడేమో దుకాణం, దర్వాజ, బజారు, కిరాయి అంటాడు. అవి మా వైపు నుంచి వెళ్లిన మాటలు. సరుకు చేతులు మారిన చోటే మాటలూ మారాయి. మమ్మల్ని పరాయివాళ్లనేవాళ్లు ముందు తమ నోట్లోని మాటలు లెక్కబెట్టుకోవాలి.

ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో అందులో పెరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వీధివైపు ఎత్తైన అరుగు, దాని మీద చిన్న గది. దానికి తలుపు రెక్కలుండవు. గాడిలో ఒకదాని పక్కన ఒకటి జొనిపే నిలువు చెక్కలుంటాయి. వరస తప్పకుండా వాటి మీద అంకెలు. పొద్దున చెక్కలు తీస్తే గది వీధిలో కలిసిపోతుంది. పక్కనే ఇంటి దర్వాజ. అది తెరిచినా లోపల కనబడదు. ఎదురుగా అడ్డగోడ, లేకపోతే గోనె పర్దా. మలుపు తిరిగితే సహన్. సహన్‌కు ఒక పక్క కర్ర స్తంభాల దలాన్, ఇంకోపక్క వంటిల్లు, మూలకు బావి. రాతి గోడలు, డంగు సున్నం, గూనపెంకు కప్పు, కింద షాబాదు బండ.

మడిగెకూ దలాన్‌కూ మధ్య ఒక చిన్న తలుపుంటుంది. వీధికి అది కనబడదు. లోపల ఆడవాళ్లు కాజాలు కుడతారు, జర్దోజీ పని చేస్తారు, సరుకు పొట్లాలు కడతారు. ఆ తలుపులోంచే ముందుకు అందిస్తారు. బోర్డు మీద మాత్రం మగవాడి పేరుంటుంది. ముస్లిం ఆడవాళ్లు పనీపాటా లేక పర్దాలో కూచుంటారనేవాళ్లకూ, ఆ పనికి ఏనాడూ లెక్క కట్టని మా మగవాళ్లకూ ఆ తలుపే జవాబు.

అన్ని మడిగెలూ ఇంటితోపాటు పుట్టలేదు. కొన్ని తర్వాత తొలిచినవి. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. దాని వెంట జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. ఆ నివేదికను దశాబ్దాలపాటు ప్రభుత్వం ప్రకటించలేదు. జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు ప్రాణాలు అరచేత పట్టుకుని నగరం చేరాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అది న్యాయమే. కానీ జాగీర్దారుతోపాటు అతని దగ్గర పనిచేసే గుమాస్తా, సిపాయి, నౌకరు కూడా రోడ్డున పడ్డారు. కొలువు పోయినవాడికి మిగిలింది వీధివైపు గోడ. దాన్ని పగలగొట్టి మడిగె తెరిచాడు. నలుగురూ కూచునే దివాన్‌ఖానా సైకిల్ దుకాణమైంది. 1970ల తర్వాత గల్ఫ్ డబ్బు వచ్చిన ఇళ్లకు చెక్కల బదులు ఇనప షట్టరు, పెంకు బదులు స్లాబు వచ్చాయి. చదవడం తెలిస్తే ఆ గోడే మా చరిత్ర పుస్తకం.

ఇప్పుడు మౌలాలి ఊరు కాదు, నగరం. ఒకవైపు రైల్వే, ఇంకోవైపు నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడలు. రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది మడిగే. పరిహారం గజాల లెక్కన కడతారు. ఆ మడిగె కిరాయితో బతికే భర్త పోయిన ఆడమనిషి, వాటాలు పంచుకున్న అన్నదమ్ములు ఆ లెక్కలోకి రారు. వారసత్వ కట్టడాల రక్షణకు నగరంలో 1995లో ఒక నిబంధన వచ్చింది, 2015లో పోయింది. 2017లో కొత్త చట్టం వచ్చింది. ఏది వచ్చినా ముందు గుర్తొచ్చేవి మహళ్లూ దేవిడీలే. పేదవాడి మడిగె వారసత్వమని ఎవరికీ తోచదు. నిజం చెప్పాలంటే మాకూ తోచలేదు. నవాబుల గొప్పలు చెప్పుకుంటూ సొంత అరుగును మరిచిపోయాం.

అన్ని ఇళ్లనూ నిలబెట్టమని అడగడం లేదు. కారే కప్పు కింద ఎవరూ బతకనక్కరలేదు. కూల్చేముందు ఒక్కసారి కొలవండి, ఫోటో తీయండి. ఇంట్లో నానీ ఉంటే పక్కన కూచుని అడగండి. ఈ గోడ ఏ సంవత్సరం పగలగొట్టారు, ఎందుకు పగలగొట్టారు, ఆ చిన్న తలుపులోంచి ఏమేం అందించావు అని. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మా గురించి ఇతరులు రాసిన చరిత్ర చాలా ఉంది. మేం రాసుకోవలసింది ఇది.